టేపత్త కుట్టిన నడికట్టు

మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. అన్నం తినేటప్పుడూ ఉండేది, కూరగాయలు బేరమాడేటప్పుడూ ఉండేది. ఒకసారి ఎవరో పోయారని పరామర్శకు వెళ్ళి, ఏడుస్తున్నవాళ్ళను పట్టుకుని తానూ బావురుమని, ఇంటికొచ్చి మొహం కడుక్కునేటప్పుడు గాని మెడలో టేపు వేలాడుతోందని గమనించుకోలేదు. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆమె టేపత్త. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు.

వీధిలోకి తెరుచుకునే ముందుగదే ఆమె కొట్టు. కిటికీ పక్కన కుట్టుమిషను, ఎదురుగా బట్ట కత్తిరించే బల్ల, బల్ల కింద పీలికల మూట. కుట్టడం అయిపోయినవి ఒక మేకుకు, హుక్కులు వేయాల్సినవి ఇంకో మేకుకు వేలాడుతుండేవి. మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే నడుం కొలత చెప్పేసేది. "కళ్ళతోనే కొలిచేస్తావు, ఇంక టేపెందుకు?" అని ఎవరైనా అంటే, "కళ్ళకి మొహమాటం ఉంటుందమ్మా, టేపుకి ఉండదు" అనేది.

గౌన్లూ జాకెట్లూ ఎవరైనా కుడతారు. టేపత్తకు పేరు తెచ్చింది బాలింతల నడికట్టు. మందపాటి గుడ్డ రెండు మడతలు వేసి, మధ్యలో గట్టి గుడ్డ పెట్టి, నిలువునా దగ్గర దగ్గరగా కుట్టి, అంచున మూడు వరసల హుక్కులు వేసేది. కాన్పైన మర్నాటి నుంచి మొదటి వరస, పొట్ట తగ్గేకొద్దీ రెండోది, ఆ తర్వాత మూడోది. ఎక్కడెక్కడి వీధుల్లోని గర్భిణులూ నెలలు నిండకముందే వచ్చి చెప్పి వెళ్ళేవారు. నడికట్టు మడిచి చేతికిచ్చేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఆమె చెప్పే మాట ఒకటుండేది.

"ఇదొక్కటీ కట్టుకుంటే చాలదు. నీళ్ళు కట్టేయాలి. పచ్చి బాలింత తాగిన నీళ్ళు ఎక్కడికీ పోవు, పొట్టలోనే చేరి కూచుంటాయి. అప్పుడు నా పట్టీ ఏం చేస్తుంది పాపం!"

ఈ మాట ఆమె సొంతం కాదు. తల్లి దగ్గర నుంచి మిషనుతో పాటు వచ్చింది. తల్లి కూడా కుట్టుపని మనిషే. కూతురికి తన చేత్తో నడికట్టు కట్టి, గొంతు తడుపుకోవడానికి వేడినీళ్ళు చెంచాతో పోసింది. టేపత్త నడుం ఇప్పటికీ సన్నగా, పెళ్ళినాటిలాగే ఉంటుంది. ఎవరైనా అనుమానంగా చూస్తే తన నడుం చుట్టూ టేపు చుట్టి చూపించేది. ఇక వాదనకు తావేముంది?

కోడలు ఆ ఇంటికి వచ్చేటప్పటికే తల్లి లేని పిల్ల. తండ్రి, ఇద్దరన్నలు పెంచారు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పని. సన్నటి స్క్రూడ్రైవరు పట్టుకుని కూచుంటే పక్కన పిడుగు పడినా తల ఎత్తేది కాదు. సూదిలో దారం ఎక్కక అత్త విసుక్కుంటుంటే కోడలు వచ్చి ఒక్క గుచ్చులో ఎక్కించి ఇచ్చేది. ఇద్దరికీ అక్కడే జత కుదిరింది. "మన ఇంట్లో చేతిపని రానివాడు ఒక్కడే" అని ఇద్దరూ కలిసి వ్యాను నడుపుకునే కొడుకును ఆటపట్టించేవారు. పురిటికి ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్నే రాలేదు. "అమ్మ ఉంటే ఏం చేసేదో నాకు తెలీదు అత్తయ్యా. మీరెలా చెప్తే అలా చేస్తాను" అంది కోడలు. ఆ మాటకు టేపత్త మనసు కరిగి నీరైపోయింది. పిల్లకు ఏ లోటూ రానివ్వకూడదని, తన తల్లి తనకు చేసినవన్నీ చేయాలని అనుకుంది.

ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. మర్నాడే టేపత్త ఉయ్యాల తొట్టి మీదకు వంగి మనవరాలి మెడ, ఛాతీ, చేతులు కొలుచుకుంది. ఇంటికి వెళ్ళి తెల్లటి మెత్తని బట్టతో జుబ్బాలు కుట్టి తెచ్చింది. అవి ఒంటికి అతికినట్టు సరిపోయాయి. ఇంటికి పంపేటప్పుడు నర్సు, "నీళ్ళు బాగా తాగాలి, పాపకి అడిగినప్పుడల్లా పాలివ్వాలి" అని చెప్పింది. టేపత్త బుద్ధిగా తల ఊపింది. నర్సుకింకా పెళ్ళే కాలేదు, ఆ పిల్లకేం తెలుసులే అనుకుంది.

ఇంటికి రాగానే మొదట వచ్చిన పసుప్పచ్చటి పాలు పిండించి పారబోయించింది. నిలవ పాలట, బిడ్డకు అరగవట. తర్వాత నడికట్టు బిగించింది. మంచం పక్కనున్న మంచినీళ్ళ చెంబు వంటింట్లోకి వెళ్ళిపోయింది. దాని చోట ఫ్లాస్కు వచ్చింది.

"అత్తయ్యా, ఒక్క గుక్క."

"పొద్దున మాత్రతో తాగావుగా."

"అవి మాత్ర తాగింది, నేను కాదు."

టేపత్తకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఫ్లాస్కు మూతలోకి సగానికి వేడినీళ్ళు వంచింది.

"ఇదేంటి, పిచ్చుకకి పెడుతున్నారా?"

"నడుం పిచ్చుకలా ఉండాలంటే మరి అంతే. రేపు అద్దంలో చూసుకుని నువ్వే నాకు దండం పెడతావు."

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న కొడుకు ఆగాడు. "అమ్మా, హాస్పిటల్లో నీళ్ళు తాగమన్నారు గదే."

"వాళ్ళు అందరికీ ఒకటే పాట పాడతారు. నువ్వు పుట్టినప్పుడు నేను తాగానా? నీకేం తక్కువైంది?"

"బుర్ర కాస్త తక్కువైందని నీ కోడలంటుంది" అని నవ్వేసి వాడు వ్యాను ఎక్కాడు.

ప్రతి ఉదయం హుక్కులు విప్పి, నడుం కొలిచి, మళ్ళీ బిగించేది. రోజురోజుకూ టేపు దిగుతోంది. ఆ దిగుదల చూస్తుంటే టేపత్తకు పండుటాకు వయసులో తన పనికి మళ్ళీ చిగురు వేసినట్టుండేది. "చూశావా! మా అమ్మ చెప్పింది అక్షరాలా నిజం" అని కోడలి భుజం తట్టేది. కోడలు నవ్వేది. మొదట్లో గలగలా నవ్వేది. తర్వాత్తర్వాత పెదాలు పగిలి నవ్వలేక, కళ్ళతో నవ్వడం నేర్చుకుంది. ఒకరోజు స్నానాల గదిలోంచి ఎంతకీ రాకపోతే టేపత్త తలుపు తోసి చూసింది. కోడలు తడి తువ్వాలు నోటికి అదుముకుని నిలబడి ఉంది.

"ఏంటే అది?"

"మొహం తుడుచుకుంటున్నా అత్తయ్యా. చల్లగా ఉందని."

 టేపత్త తన పెదాలు తడుపుకుని ఇవతలికి వచ్చేసింది.

మనవరాలి సంగతి చెప్పాలంటే అంత మంచి పిల్ల భూమ్మీద లేదు. ఏడుపు లేదు, గోల లేదు. పాలకు పెట్టుకుంటే రెండు గుటకలు వేసి నిద్రపోయేది. పాప కింద వేయడానికి కుట్టిపెట్టిన గుడ్డల దొంతర మడత నలగకుండా అలాగే ఉండేది. "ఉతికే పని కూడా పెట్టదమ్మా, నా బంగారు తల్లి" అని టేపత్త కిటికీలోంచి ఎదురింటి ఇస్త్రీ వదినకు గొప్పగా చెప్పుకుంది.

ఇస్త్రీ వదినతో ఆమెకు ఎన్నో ఏళ్ళ స్నేహం. ఈమె కుట్టిన బట్టలు ఆమె ఇస్త్రీకి వెళ్తాయి, ఆమె మాటలు ఈమె కిటికీకి వస్తాయి. వదిన కూతురికి నెలలు నిండుతున్నాయి. ఆ పిల్ల నడికట్టు మిషను మీద సగం కుట్టి ఉంది. అది ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చిన వదిన, మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని కిసుక్కున నవ్వింది.

"ఏం వదినా, పిల్లకి జుబ్బా కుట్టావా, గుడారం వేశావా?"

టేపత్త ఉలిక్కిపడింది. నిజమే. జుబ్బా మెడ భుజం మీదకు జారుతోంది. జుబ్బా చేతుల్లో పాప చేతులు కనపడటం లేదు.

"ఉతికితే సాగినట్టుంది."

"బట్టలు ఉతికితే కుదించుకుపోతాయి గాని సాగుతాయా? నీ కత్తెరకి వయసొచ్చింది, ఒప్పుకో."

వదిన వేళాకోళానికే అంది. కాని ఆ మాట టేపత్తకు ముల్లులా గుచ్చుకుంది. పెళ్ళికూతుళ్ళ జాకెట్లు ఒక్కసారి కూడా విప్పి కుట్టని చేయి తనది. మనవరాలి జుబ్బా దగ్గర తప్పుతుందా? వదిన వెళ్ళగానే పక్క కుట్లు విప్పి, లోపలికి పట్టి కుట్టింది. తొడిగి చూస్తే సరిపోయింది. హమ్మయ్య అనుకుంది.

నాలుగు రోజులు గడిచాయి. మధ్యాహ్నం పాపకు ఒళ్ళు తుడిచి అదే జుబ్బా తొడిగింది. మళ్ళీ వదులు. ఒక వేలు కాదు, రెండు వేళ్ళు దూరుతున్నాయి.

ఈసారి టేపత్తకు కోపం వచ్చింది, తన మీద తనకే. జుబ్బా విప్పి బల్ల మీద పరిచింది. కత్తిరించేటప్పుడు గీసుకున్న కాగితం ముక్కలు సంచిలోంచి తీసి దాని మీద పెట్టింది. కత్తెర ఎక్కడా తప్పలేదు. తాను లోపలికి పట్టిన కుట్టు దగ్గర మాత్రం, పట్టినంత మేరా, జుబ్బా చిన్నదై ఉంది. చిన్నది చేసిన జుబ్బా పెరుగుతున్న పిల్లకు బిగుతు కావాలి. వదులెలా అయింది?

మెడలోని టేపు తీసి పాప ఛాతీ చుట్టూ పెట్టింది. అంకె చూసింది. టేపు మెలిపడిందేమో అనుకుని మళ్ళీ పెట్టింది. ఆసుపత్రి తొట్టిలో కొలిచిన దానికన్నా తక్కువ. పుట్టిననాటి కన్నా తక్కువ.

 అప్పుడు చూసింది పాపను, కుట్టుపనిదానిలా కాకుండా. మాడు మీద మెత్తటి చోటు గుంటపడి ఉంది. కాళ్ళ మీద చర్మం ముడతలు పడింది, కొలతకు మించి కత్తిరించిన బట్టలాగా. చిటికె వేస్తే కనురెప్ప కదిలిందే గాని పాప లేవలేదు. ఉతికే పని పెట్టని బంగారు తల్లి. గుడ్డ తడపడానికి ఆ చిట్టి ఒంట్లో ఏముందని?

ఇలాంటి మంచి పిల్లను ఆమె ఇంతకుముందు ఒకసారి చూసింది. తన ఒళ్ళోనే. ఆ పాపా ఏడవలేదు. ఏడవకుండానే ఒక పొద్దున వెళ్ళిపోయింది. "నీకు పాలు పడలేదే, ఏం చేస్తాం" అని తల్లి తల నిమిరింది. ఆ మాటనే పట్టుకుని ఇన్నేళ్ళు బతికింది. తన ఒంట్లోనే ఏదో లోపం అనుకుంది. ఇప్పుడు ఆ మాట చేతిలోంచి జారిపోతోంది. జారనిస్తే తల నిమిరిన చేయి ఏమవుతుంది? చెంచాతో నీళ్ళు పోసిన అమ్మ ఏమవుతుంది?  టేపు అబద్ధం చెప్పిందేమో, ఇంకోసారి చూద్దామా అనిపించింది.

చూడలేదు. వంటింట్లోకి వెళ్ళి చెంబు నిండా నీళ్ళు ముంచుకుని కోడలి దగ్గరకు వచ్చింది.

కోడలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. హుక్కుల మీద చేయి పడగానే అలవాటుగా వెల్లకిలా తిరిగింది. "కొలత తీస్తారా అత్తయ్యా?"

"కొలతా లేదు, ఏమీ లేదు. లే. నీళ్ళు తాగు."

కోడలు చెంబు వంక, అత్త మొహం వంక మార్చి మార్చి చూసింది. చేయి చాపలేదు. ఏదో పరీక్ష అనుకుంది కాబోలు.

"ఎంత తాగాలి?"

టేపత్త చెంబు ఆమె చేతుల్లో పెట్టింది. "నీ ఇష్టం. నీకెంత కావాలంటే అంత. అంతా తాగు తల్లీ."

కోడలు రెండు చేతులతో చెంబు ఎత్తుకుంది. ఆ గుటకల చప్పుడు వినలేక టేపత్త హుక్కులు విప్పుతూ కూచుంది. నడికట్టు ఊడి వచ్చేసరికి కింద చర్మం మీద కుట్ల అచ్చులు ఎర్రగా వరసలు తేలి ఉన్నాయి. ఎంత తిన్నగా కుట్టిందో ఆమెకు అక్కడ కనిపించింది.

కొడుక్కు ఫోను చేసింది. "వ్యాను తీసుకునిరా. ఎందుకని అడక్కు."

ఆసుపత్రిలో పాపను తీసుకోగానే లోపలికి పట్టుకెళ్ళారు. కోడలికి సెలైను పెట్టారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు, అందుకే జ్వరమన్నారు. డాక్టరమ్మ అప్పటికే అలసిపోయి ఉన్నట్టుంది, కుర్చీలో కూచోకుండానే అడిగింది.

"నీళ్ళు ఎలా తాగుతోంది?"

కొడుకు తల్లి వంక చూశాడు. కోడలు, "తాగుతూనే ఉన్నానండీ" అంది గబుక్కున. అత్తను కాపాడాలనుకుంది పిచ్చిపిల్ల.

"లేదు" అంది టేపత్త. "నేను తాగనివ్వలేదు. మొదటి పాలు కూడా నేనే పారబోయించాను."

డాక్టరమ్మ ఆమె వంక కాసేపు చూసింది. తిడుతుందని టేపత్త తల వంచుకుంది. తిట్టి ఉంటే కాస్త తేలికపడేదేమో. ఆమె తిట్టలేదు. "చెప్పారు, అది మంచిదైంది. ఆ పసుపు పాలే బిడ్డకి మొదటి బలం. నిద్రపోతోందని వదిలేశారు గాని, అది నిద్ర కాదు, నీరసం. పాపకి గొట్టంతో పాలు పడతాం. తల్లి ఎంత తాగగలిగితే అంత తాగాలి, కడుపునిండా తినాలి. ఈ రెండు రోజులూ గడవనివ్వండి" అని వెళ్ళిపోయింది.

బయట బల్ల మీద తల్లీకొడుకులు కూచున్నారు. నేల తుడిచే మనిషి వచ్చి కాళ్ళు ఎత్తమంటే ఇద్దరూ ఒకేసారి ఎత్తారు, ఒకేసారి దించారు.

"నేను పుట్టినప్పుడు నువ్వూ తాగలేదన్నావుగా" అన్నాడు కొడుకు చివరికి. గొంతులో కోపం ఉంది, అది ఎవరి మీదో వాడికే తెలియనట్టుంది. "నేనెలా బతికానే మరి?"

"తాగాను."

"ఏంటీ?"

"తాగానురా. నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ జ్వరంతో మంచాన పడింది. చూసేవాళ్ళు లేరు. వంటింట్లో కుండ దగ్గర కూచుని దొంగలా తాగేదాన్ని. తప్పు చేశానని ఎవరికీ చెప్పలేదు. తర్వాత తర్వాత తాగనే లేదని నేనే నమ్మేశాను." ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ అక్కయ్య పుట్టినప్పుడు మా అమ్మ బాగానే ఉంది. దగ్గరుండి అన్నీ చేసింది."

తనకంటే ముందొక అక్క పుట్టి పోయిందని వాడికి తెలుసు. అంతకుమించి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. 

"ఆ పాప దేనివల్ల పోయిందో ఇప్పుడెవరూ చెప్పలేరమ్మా."

"చెప్పలేరు."

"అమ్మమ్మ కావాలని చేయలేదుగా."

"కావాలని చేస్తే తిట్టుకునేదాన్నిరా. ప్రేమతో చేసింది. నేనూ అంతే చేశాను" అంది టేపత్త.

ఆ రెండు రోజులూ గడిచాయి. మూడో రోజున గొట్టం తీసి పాపను తల్లి దగ్గర పెట్టారు. పాలు చాలక పాప కయ్యిమని ఏడ్చింది. వార్డంతా తిరిగి చూసింది. పక్క మంచం ఆవిడ, "అబ్బ, ఏం గొంతమ్మా!" అని విసుక్కుంటే టేపత్త ఆవిడకు చేతులెత్తి నమస్కారం పెట్టింది. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. కోడలు మాత్రం గ్లాసు దించి, "అత్తయ్యా, మీరింకా ఇలాగే నిలబడితే మీకూ సెలైను పెడతారు. కూచోండి" అంది. ఆ పిల్ల మళ్ళీ నోటితో నవ్వింది.

ఇంటికి వచ్చాక టేపత్త మిషను మీద సగం కుట్టి ఉన్న నడికట్టు చూసింది. దాన్ని మడిచి లోపల పెట్టేసింది. ఇస్త్రీ వదినకు ఈ సంగతి తెలియడానికి పూట పట్టలేదు.

"అదేంటి, నా కూతురిది ఎందుకు ఆపావు?"

"పట్టీ కుట్టను వదినా. నీళ్ళూ కట్టొద్దు. మా ఇంట్లో ఏం జరిగిందో చూశావుగా."

"మీ కోడలికి పడలేదు, అది మీ ఖర్మ. అందరికీ అలా అవుతుందా? ఇంతకాలం ఊరందరికీ కట్టి, నా పిల్ల దగ్గరికొచ్చేసరికి నీకు జ్ఞానోదయమైందా? బాగుంది!"

ఇస్త్రీ వదిన గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి కిటికీకి మాటలు రావడం మానేశాయి. టేపత్త ఓర్చుకుంది. ఆమెకు స్నేహం పోతుందన్న బాధ కన్నా ఇంకో భయం ఎక్కువగా ఉంది. ఎదురింట్లో ఇంకో చెంబు వంటింట్లోకి వెళ్ళిపోబోతోంది. తాను చెప్పి చెప్పి నేర్పిన మాటే అక్కడ పనిచేయబోతోంది.

ఒక సాయంత్రం వీధి దాటి వెళ్ళింది. ఇస్త్రీ వదిన దుప్పటి మీద నీళ్ళు చిలకరిస్తోంది. తల ఎత్తలేదు.

"కూచోమని అనకపోయినా కూచుంటున్నా" అని టేపత్త బట్టల మూట పక్కన చతికిలబడింది. తన మొదటి పాప సంగతి చెప్పింది. ఏడవని పాప సంగతి, కుండ దగ్గర దొంగతనంగా తాగిన నీళ్ళ సంగతి. కొడుక్కు తప్ప ఇంకెవరికీ చెప్పని మాటలు. చెబుతుంటే వదిన చేతిలో ఇస్త్రీపెట్టె మెల్లగా ఆగింది. గుడ్డ మాడుతుందని గుర్తొచ్చి పక్కకు నిలబెట్టింది.

"మా రెండోవాడూ అంతే" అంది కాసేపటికి. "పుట్టిన వారానికే. నేనే పాపిష్టిదాన్ని అనుకున్నా." అంతలోనే గొంతు పెంచింది. "అయినా ఇప్పుడు వచ్చి ఇవన్నీ ఎందుకు తవ్వుతావు? నువ్వు చెప్పేది నిజమైతే నేనేం చేసుకోవాలి? ఎవర్ని అడగాలి?"

"నాకూ తెలీదు వదినా. నేనూ అదే అడుక్కుంటున్నా."

లోపలి గదిలో కూతురు మంచం మీద ఇటునుంచి అటు తిరిగిన చప్పుడైంది. ఇద్దరూ అటు చూశారు. ఇస్త్రీ వదిన దుప్పటి మడత పెట్టింది, బాగోలేదని విప్పింది, మళ్ళీ పెట్టింది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. టేపత్త వంక చూడకుండానే, ఎవరితోనో తగువాడుతున్నట్టు అడిగింది.

"కాచిన నీళ్ళివ్వాలా, మామూలువా?"

"కాచి చల్లార్చినవి."

"ఎన్ని?"

"అడిగినన్ని."